ఫోటో తీసిన పాఠం చెవికి చేరదు

(కాలేజీ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హాస్టల్లో ఉండి డిగ్రీ చదివే చూపులేని పిల్లలు మనలో ఉన్నారు. కూలికి పోయే అమ్మానాన్నలు పక్కన కూచుని చదివి వినిపించలేరు. డబ్బులిచ్చి చదివించుకునే స్తోమత మనకు లేదు. ఆ పిల్లలకు చదివి పెట్టేది చేతిలోని ఫోనే. ఆండ్రాయిడ్ ఫోన్లలో టాక్‌బ్యాక్ ఉంటుంది. కంప్యూటర్‌లో ఎన్‌విడిఎ పెట్టుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. తెలుగు గొంతు పెట్టుకుంటే రెండూ తెలుగు చదువుతాయి.

మరి అడ్డం ఎక్కడుంది? పాఠం పంపే తీరులో ఉంది. నోట్సు ఫోటో తీసి వాట్సాప్‌లో పెడతారు. చూపున్నోళ్లకు అది పాఠం, ఫోనుకు మాత్రం బొమ్మ. స్కాన్ చేసిన పిడిఎఫ్ సంగతీ ఇంతే. ఇంకో చిక్కు ఫాంట్లది. అను వంటి పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన పుస్తకం తెర మీద తెలుగే, లోపల దాగిన గుర్తులు వేరు. మిషను ఆ గుర్తులనే చదువుతుంది, ఒక్క ముక్క అర్థం కాదు. యూనికోడ్‌లో కొడితేనే తెలుగు తెలుగుగా వినబడుతుంది. వినికిడి లేని పిల్లలకు వీడియో పాఠం కింద అక్షరాలు వేయకపోతే అదీ మూగ బొమ్మే.

దీన్ని ఎవరైనా పరీక్షించొచ్చు. పాఠంలో ఒక వాక్యం కాపీ చేసి మెసేజీలో అతికించండి. అసలు పట్టుబడకపోతే అది బొమ్మ. పిచ్చి గీతలొస్తే పాత ఫాంటు. తెలుగొస్తే వినొచ్చు.

చట్టం మన పక్కనే ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతం సీట్లు ఇమ్మంది. ఎలక్ట్రానిక్ సమాచారం వాళ్లకు అందే రూపంలో ఉండేలా ప్రభుత్వం చూడాలంది. పుస్తకాన్ని అట్లా మార్చితే కాపీరైట్ అడ్డొస్తుందని కొందరు బెదిరిస్తారు. లాభాపేక్ష లేకుండా వికలాంగుల కోసం మార్చుకోవచ్చని 2012 సవరణే చెప్పింది.

సీటిచ్చి పాఠం ఇవ్వకపోతే గుమ్మం బయట కూచోబెట్టినట్టే. బయట కూచోవడమంటే ఏమిటో మనకొకరు చెప్పాలా?

కాబట్టి ప్రిన్సిపాల్ దగ్గరికి అర్జీ పట్టుకుని పోదాం. నోట్సు యూనికోడ్‌లో టైపు చేసి ఇవ్వాలి. బొమ్మలకు, పటాలకు మాటల్లో వివరణ రాయాలి. వీడియోలకు అక్షరాలు వేయాలి. పరీక్ష ముందురోజు కాదు, క్లాసు మొదలైన రోజే ఇవ్వాలి. అర్జీ ఇచ్చి రసీదు తీసుకుందాం. జవాబు వచ్చేదాకా మళ్లీ మళ్లీ పోదాం.