విద్యుత్ తరంగములపై బాఖ్ సంగీతము

కొన్ని మాసముల క్రిందట మా స్టూడియోలో ఒక చిన్న వివాదము జరిగినది. పాశ్చాత్య సంగీతమును గురించిన ఒక కార్యక్రమమునకు ఖండికలు ఎన్నుకొనుచు, 1968 లో అమెరికాలో వెలువడిన ఒక రికార్డును వినుచున్నాము. దాని పేరు ‘స్విచ్డ్ ఆన్ బాఖ్’. మీట నొక్కి మేలుకొలిపిన బాఖ్ అని చెప్పుకొనవచ్చును. రెండు శతాబ్దములకు పైబడిన జర్మను సంగీతమును, ఒక్క తీగగాని ఒక్క గొట్టముగాని పలుకని విద్యుద్యంత్రముపై వాయించిన రికార్డు అది. మాతో ఏండ్ల తరబడి పనిచేసి విశ్రాంతి తీసుకొన్న వైణికులొకరు ఆనాడు మమ్ము చూడవచ్చినారు. యంత్రమను మాట చెవిని పడగానే వారు, “ఊపిరి లేనిదానికి పాట ఎక్కడిదయ్యా?” అని పెదవి విరిచినారు. మేము బదులు చెప్పక, బాఖ్ రచించిన చిన్న ‘ఇన్వెన్షను’ ఒకటి వినిపించినాము. ఒక నిమిషమైనను గడవకముందే వారు ముందుకు వంగి, “ఏమయ్యా, ఎవరు వాయించినారిది?” అని అడిగినారు.

ఆ ప్రశ్నయే ఈనాటి మా ప్రసంగమునకు మూలము. గడియారము గంటలు కొట్టినప్పుడు ఎవరు కొట్టినారని మనము అడుగము. వాయించిన వారెవరని అడుగుటలోనే, ఆ ధ్వని వెనుక ఒక మనిషి చేయి ఉన్నదని మన చెవి ఒప్పుకొన్నట్లు. అది యెట్లు సాధ్యమైనది? ఆ యంత్రము మాట అటుంచి, ముందు ఆ సంగీతము సంగతి చూతము.

ఐరోపా సంగీత చరిత్రలో సుమారు 1600 నుండి 1750 వరకు గల కాలమును బరోక్ యుగమందురు. వెనిస్ నగరమున వివాల్డి, లండనులో స్థిరపడిన హాండెల్, జర్మనీలో యోహాన్ సెబాస్టియన్ బాఖ్ ఈ యుగపు మహనీయులు. బాఖ్ 1685 లో ఐజెనాఖ్ పట్టణమున జన్మించి, 1723 నుండి 1750 లో మరణించువరకు లైప్‌జిగ్ నగరమున చర్చి సంగీతమునకు పెద్దగా ఉన్నాడు. ఈయన సంగీతమును మొదటిసారి వినునప్పుడు మన చెవికి కొంత తికమక కలుగును. మన కచేరీలో గాయకుడు నడచు బాటనే ప్రక్కవాద్యములు అనుసరించును. బాఖ్ సంగీతమున ఇద్దరు, ముగ్గురు, నలుగురు వేర్వేరు బాటలలో నడచుచు, దారిలో ఒకరినొకరు పలుకరించుకొనుచు, ఒకే వేళకు ఊరు చేరుదురు. ‘ఫ్యూగ్’ అనునది ఇందుకు పరాకాష్ఠ. ఒక గొంతు ఒక చిన్న పలుకును ఎత్తుకొనును. అది పూర్తికాగానే రెండవ గొంతు అదే పలుకును వేరొక స్థానమున అందుకొనగా, మొదటి గొంతు ఊరకుండక దానికి తగిన మరియొక మాట చెప్పుచుండును. తరువాత మూడవది. ఇట్లు పెరిగిన అల్లికలో ఏ పోగు ఎక్కడ నున్నదో వినబడినప్పుడే ఆనందము. పోగులు కలిసి ముద్దయైనచో, ఎంత గొప్ప వాద్యబృందమైనను వినువారికి మిగులునది గొప్ప చప్పుడే.

బాఖ్ తన రచనలను ఒక వాద్యమునకే కట్టివేయలేదు. వివాల్డి నాలుగు వయొలిన్లకు వ్రాసిన కృతిని ఆయన నాలుగు హార్ప్సికార్డులకు మార్చి వ్రాసినాడు. (హార్ప్సికార్డు మెట్లు నొక్కి వాయించు వాద్యమే గాని, లోపల ఈక ములుకు తీగను మీటును. పియానోవలె సుత్తితో కొట్టదు.) తాను ఒంటరి వయొలిను కొరకు రచించిన ఒక ఖండికను, 1731 లో లైప్‌జిగ్ నగరసభ వేడుకకు ఆర్గనుపై వాయించునట్లుగా, బూరలు భేరులు తోడు చేర్చి మరల వ్రాసినాడు. తన కడపటి రచనలలో ఒకటైన ‘ఫ్యూగ్ కళ’ యందు ఏ వాద్యముపై వాయింపవలెనో సూచింపనే లేదు.

అయితే ఆయనకు నాదమును గురించి పట్టింపు లేదనుకొనరాదు. ఎక్కడ క్రొత్త ఆర్గను కట్టినను, దాని మంచిచెడ్డలు పరీక్షించుటకు ఆయనను పిలిపించెడివారు. ఆర్గను వాద్యమున మీటలు లాగుటచేత పలు పరిమాణముల గొట్టములు కలిసి పలుకును. ఒకే స్వరమునకు పై స్థాయి గొట్టములు చేర్చిన మెరుపు, క్రింది స్థాయివి చేర్చిన గాంభీర్యము కలుగును. ఎన్నో ధ్వనులను కలిపి ఒక క్రొత్త ధ్వని తయారుచేయుట విద్యుద్యుగమున పుట్టిన ఆలోచన కాదన్నమాట.

ఇక యంత్రము. దీనిని సింథసైజరు అందురు. 1964 లో న్యూయార్క్ రాష్ట్రమున రాబర్టు మోగ్ అను ఇంజనీరు, హెర్బర్టు డాయిచ్ అను సంగీతకర్త సలహాతో, మొదటి నమూనాను నిర్మించినాడు. ఇంగ్లీషు అక్షరములు చూచి చాలమంది ఆయన పేరును ‘మూగ్’ అని పలుకుదురు. ఆయన మాత్రము ‘మోగ్’ అనియే చెప్పుకొనెడివాడు. మూగకును మోగుటకును గల భేదము తెలుగువారికి చెప్పనక్కరలేదు.

దాని లోపల జరుగు పని మన రేడియో వారికి పరిచితమైనదే. ట్రాన్స్‌మిటరులో కంపనములు పుట్టించు సాధనము వంటిదే ఇందులోను కలదు. అయితే రేడియో కంపనములు చెవికి అందని వేగము గలవి, ఇవి చెవికి అందునవి. కంపనపు వేగమును విద్యుత్ పీడనము శాసించును. ఒక వోల్టు పెంచిన స్వరము సరిగా ఒక స్థాయి పైకి పోవును. పియానో మెట్ల వంటి మెట్లు ఒక్కొక్కటి ఒక్కొక్క పీడనమును పంపును. ఇట్లు పుట్టిన ముడి ధ్వని రంపపు పళ్లవలె కరకుగా నుండును. దానిని వడపోత గుండా పంపి వలదన్న అంశములను తీసివేయుదురు. మనము ‘ఆ’ అనుచు పెదవులను మెల్లగా ముడిచి ‘ఊ’ లోనికి వచ్చినప్పుడు గొంతు మారలేదు, నోటి ఆకారము మాత్రము మారినది. వడపోత చేయు పనియు అట్టిదే.

ఇంతకంటె ముఖ్యమైనది మరియొకటి. ధ్వని ఎట్లు పుట్టి ఎట్లు పోవలెనను నిర్ణయము. వీణ తీగ మీటగానే నాదము ఒక్కసారి లేచి, క్రమముగా క్షీణించును. వేణువు మెల్లగా ఎత్తుకొని, ఊదినంతసేపు నిలుచును. ఈ పుట్టుక, నిలుకడ, ముగింపులను ప్రత్యేకముగా అమర్చుకొను బిరడాలు ఈ యంత్రమున ఉన్నవి. మనము వాద్యమును గుర్తుపట్టుట ముఖ్యముగా స్వరము పుట్టు తొలి క్షణములోనే. టేపును కత్తిరించి ఆ తొలి క్షణమును తీసివేసినచో, ఏ వాద్యమో పోల్చుకొనుట కష్టము. మా స్టూడియోలో ఇది చేసి చూచి ఆశ్చర్యపడినాము.

ఆ రికార్డు వెనుకనున్న కళాకారిణి వెండీ కార్లోస్. 1939 లో జన్మించిన ఈమె బ్రౌన్ విశ్వవిద్యాలయమున సంగీతమును భౌతికశాస్త్రమును అభ్యసించి, కొలంబియా విశ్వవిద్యాలయమున సంగీత రచన చదివినది. మోగ్‌తో పరిచయమైన పిదప, వ్రేలి ఒత్తిడిని గుర్తించు మెట్లు కావలెనని ఆయనచేత చేయించుకొన్నది. నిర్మాతగా రేచెల్ ఎల్కిండ్, సంగీతజ్ఞుడు బెంజమిన్ ఫోక్‌మన్ ఈ పనిలో ఆమెకు తోడైనారు.

ఆ పని ఎట్టిదో తెలిసినవారు యంత్రము వాయించినదని అనజాలరు. ఆనాటి మోగ్ యంత్రము ఒకసారి ఒక స్వరమునే పలుకగలదు. రెండు మెట్లు కలిపి నొక్కిన రెండు స్వరములు రావు. కనుక నాలుగు గొంతుల ఫ్యూగును నాలుగుసార్లు విడివిడిగా వాయించి, ఎనిమిది వరుసల టేపుపై ఒకదాని ప్రక్కన ఒకటిగా చేర్చవలెను. ఆ టేపు యంత్రమును కూడ కార్లోస్ తానే విడిభాగములతో కూర్చుకొన్నది. గది వేడిమి కొంచెము మారినను కంపనముల శ్రుతి జారిపోవును. కొన్ని స్వరములు వాయించుట, ఆపుట, శ్రుతి చూచుకొనుట, మరల అందుకొనుట. తొమ్మిది మంది తీగవాద్యకారులకు బాఖ్ వ్రాసిన మూడవ బ్రాండెన్‌బర్గు కృతిని ఒక్క మనిషి ఇట్లు చేసినదని తలచుకొనిన మాకు కన్ను చెదరినది. రికార్డు పూర్తియగుటకు సుమారు ఐదు మాసములు, వేయి గంటలు పట్టినవి. తాళము తప్పకుండ నడువవలెను, అయినను గడియారము నడచినట్లుండరాదు. నలుగురు తోడివాద్యకారులు ఎదుటనుండి కన్నులు కలిపినచో తేలికయైన ఆ సంయమమును, వినబడిన తన వాయింపుతో తానే సాధింపవలసి వచ్చినది. ఆ మూడవ కృతి నడుమ బాఖ్ కేవలము రెండు స్వరసముదాయములను వ్రాసి విడిచినాడు. అక్కడ వాయించువారి కల్పనకు చోటున్నది. మన మనోధర్మము వంటిదే అది. కార్లోస్ ఆ చోటును యంత్రమునకే చెల్లు విచిత్ర ధ్వనులతో నింపినది. అది మాకంతగా రుచింపలేదు. సాహసమునకు మెచ్చుకొనవలసినదే గాని, మంచి భోజనము మధ్య గారడి చూపినట్లున్నది.

ఇన్వెన్షనుల విషయమున మాత్రము ఏ శంకయు లేదు. ఇవి రెండేసి గొంతులు గల 15 చిన్న ఖండికలు. గొంతులను స్పష్టముగా వాయించుట, పాడుచున్నట్లు వాయించుట నేర్పవలెనని, 1723 నాటి ప్రతిపై బాఖ్ స్వయముగా తన ఉద్దేశమును వ్రాసికొన్నాడు. కుడిచేతి గొంతునకు ఒక రంగు, ఎడమచేతి గొంతునకు ఇంకొక రంగు ఇచ్చుటచేత ఈ సంభాషణ యంత్రముపై తేటతెల్లమైనది. మా వైణికులు ముందుకు వంగినది ఇక్కడనే.

తరువాత వారికి ప్రసిద్ధమైన ‘ఏర్’ ను వినిపించినాము. వాద్యబృందమునకు బాఖ్ వ్రాసిన ఈ నెమ్మది పాటను, 19 వ శతాబ్దమున విల్‌హెల్మి అను వయొలినిస్టు తన వాద్యపు ఒకే తీగపై వాయించునట్లు మార్చుటచేత దానికి లోకమున అంత ప్రచారము వచ్చినది. మా పెద్దలు కన్నులు మూసికొని తుదివరకు విని, “ఇందులో విల్లు లేదయ్యా” అన్నారు. అది నిజము. దీర్ఘస్వరము నడుమ విల్లు చేయు చిన్న పెరుగుదల తగ్గుదలలే ఆ పాటకు ప్రాణము. యంత్రపు దీర్ఘస్వరము నూనె పూసినట్లు నున్నగా సాగిపోయినది. బిరడాలతో దానిని అలంకరింపవచ్చును, అలంకరించినారు. కాని అలంకారము వేరు, లోపలనుండి వచ్చునది వేరు. పరుగులు తీయు ఖండికలలో జయించిన యంత్రము నెమ్మదిగా నడువవలసిన చోట తడబడినదని మా తీర్పు.

ఆ రికార్డునకు 1970 లో మూడు గ్రామీ బహుమానములు వచ్చినవి. 1986 లో అది పది లక్షల ప్రతుల అమ్మకము గల రికార్డుగా గుర్తింపు పొందినది. శాస్త్రీయ సంగీతమున ఇది అరుదైన సంగతి. బాఖ్ సంగీతమునకు జీవితమంకితము చేసిన పియానో విద్వాంసుడు గ్లెన్ గూల్డ్, 1969 లో కార్లోస్ వెలువరించిన రెండవ రికార్డునందలి నాలుగవ బ్రాండెన్‌బర్గు కృతిని విని, ఆ వరుస కృతులలో తాను విన్న వాయింపులన్నిటిలో శ్రేష్ఠమని మెచ్చినాడు. ఇక వ్యాపారుల సంగతి చెప్పనేల! యంత్రము కొనిన చాలు, లక్షలు వచ్చునని తలచి ఎందరో ఇట్టి రికార్డులు తీసినారు. వానిలో అధికభాగమును నేడు తలచువారు లేరు. యంత్రము అదే, వేయి గంటలు మాత్రము లేవు.

వాద్యమును గురించిన ఈ తగవు మా రేడియోకు క్రొత్తది కాదు. 1940 లో ఆకాశవాణి హార్మోనియమును ప్రసారములనుండి బహిష్కరించినది. 1971 లో ఆ నిషేధము కొంత సడలినది. మెట్ల వాద్యమున స్వరమునకును స్వరమునకును నడుమ దారి లేదు, గమకము పలుకదు, శ్రుతులు మనవి కావు అని ఆనాటి వాదము. ఆ వాదములో సత్యమున్నది. అయితే పరదేశమునుండి వచ్చిన వయొలినును మనము బహిష్కరింపలేదు. బాలుస్వామి దీక్షితుల నాడు ప్రవేశించి, ద్వారం వేంకటస్వామి నాయుడుగారి చేతిలో అది మన వాద్యమే యైనది. మన సంగీతము కోరినది అది ఇచ్చినది. బాఖ్ సంగీతము ముఖ్యముగా కోరునది గొంతుల స్పష్టత, మెట్టుపై మెట్టుగా నిలుచు స్వరము. ఆ రెండును ఈ యంత్రమున పుష్కలముగా కలవు. తోడి రాగమును దానికి అప్పగించినచో ఏమగునో వేరే చెప్పవలెనా! ఈనాడు కీబోర్డు ప్రక్కనున్న చక్రమును త్రిప్పి గమకములు పలికించు విద్వాంసులున్నారు. వారి శ్రమకు నమస్కరింపవలసినదే.

కార్లోస్ 1992 లో తన రికార్డును క్రొత్త సాధనములతో మరల వాయించినది. ఈసారి పియానోకు నేడు వాడుకలోనున్న సమాన విభజన శ్రుతిని విడిచి, బాఖ్ కాలపు శ్రుతి పద్ధతులను అనుసరించినది. నూరు తీగలను శ్రుతి చేయనక్కరలేక లెక్కతోనే శ్రుతిని మార్చగలుగుట ఈ యంత్రమునకు గల నిజమైన సౌకర్యము. ప్రాచీన సంగీతపు చెవిని నూతన యంత్రము తిరిగి తెచ్చినదన్న ఈ సంగతికి రావలసిన ప్రచారము రాలేదు.

నేటి కీబోర్డులు ఒకేసారి పదుల స్వరములు పలుకును. ఒక మీట నొక్కిన నిజమైన హార్ప్సికార్డునుండి పట్టి దాచిన ధ్వనియే వినబడును. పిల్లలు ఒక్క మధ్యాహ్నములో మూడు ఇన్వెన్షనులు నింపి చూపుచున్నారు. మాకు మాత్రము ఆ దాచిన ధ్వనిపై మోజు తక్కువ. హార్ప్సికార్డే కావలెనన్నచో హార్ప్సికార్డునే వినవచ్చును. మోగ్ యంత్రపు గొంతు మరి దేనికిని నకలు కాదు. దాని కరకుతనము దానిదే, దాని తేటదనము దానిదే.

మా వైణికులు వెళ్లునప్పుడు ఆ మొదటి ఖండికను ఇంకొకసారి వినిపింపుమని కోరినారు. ‘ఏర్’ ను కోరలేదు. ఇప్పుడు మీకును ఆ ఖండికనే వినిపించుచున్నాము. నిడివి ఒక నిమిషము కంటె తక్కువ. మొదట పైగొంతు ఎత్తుకొనును. దానిని విడువక, వెనువెంటనే క్రింది గొంతు అదే పలుకును ఎక్కడ అందుకొనునో చెవి యొగ్గి వినుడు.