పొడి లిట్మస్, తడి లిట్మస్, ఐసు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నన్ను సైంటిస్టునని పరిచయం చేశారు. చేసే పనేమిటో మా అత్తగారికి ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. మంచు మీద ఆమ్ల వాయువుల అణువులు ఎలా అంటుకుంటాయో కంప్యూటర్లో లెక్కగడతాను. అది మొదలైంది మాత్రం మన పాత సైన్సు గదిలోనే.

పదో తరగతిలో మాస్టారు ఉప్పు మీద గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం పోసి, వచ్చిన హైడ్రోజన్ క్లోరైడ్ వాయువుకు పొడి నీలి లిట్మస్ చూపించారు. రంగు మారలేదు. తడిపి చూపిస్తే ఎర్రబడింది. నీరు తగిలితేనే అది విడిపోయి ఆమ్లమవుతుందన్నారు. క్లాసును నవ్విద్దామని నేను లేచి, "ఐసు పెడితేనో మాస్టారూ? అది తడా, పొడా?" అన్నాను. అందరూ నవ్వారు, ఆయన తప్ప. కాసేపాగి, "నాకూ తెలీదమ్మాయ్. కనుక్కుని చెప్పు" అన్నారు.

అదే ప్రశ్న మీద అప్పటికే పెద్ద పెద్దవాళ్లు తల పట్టుకుని ఉన్నారని మాకేం తెలుసు! అంటార్కిటికా మీద వసంతంలో ఓజోన్ బాగా తరిగిపోతోందని 1985లో బ్రిటిష్ శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఫ్రిజ్‌లలో, స్ప్రే డబ్బాల్లో వాడిన సీఎఫ్‌సీల నుంచి వచ్చిన క్లోరిన్ పైన చాలావరకు హైడ్రోజన్ క్లోరైడ్, క్లోరిన్ నైట్రేట్ రూపాల్లో ఓజోన్ జోలికి పోకుండా ఉంటుంది. చలికాలపు చీకట్లో మైనస్ 80 డిగ్రీల ప్రాంతంలో మేఘాలు కడతాయి. వాటి మంచు రేణువుల మీద ఆ రెండూ కలిసి క్లోరిన్ వాయువును వదులుతాయి. ఎండ రాగానే అది విడిపోయి ఓజోన్‌ను తినేస్తుంది. ఉత్త గాలిలో ఎదురుపడితే ఆ రెండూ దాదాపు పలకరించుకోవు. 1987లో మారియో మొలీనా బృందం మంచు మీద ఆ చర్య ఎంత వేగంగా జరుగుతుందో ప్రయోగశాలలో చూపించింది.

మరి మంచు మీదే ఎందుకు? పుణేలో పరిశోధనకు చేరినప్పుడు నేను పట్టుకున్న ప్రశ్న ఇది. మంచు లోపల ప్రతి నీటి అణువూ నాలుగు పక్క అణువులతో చేతులు కలిపి ఉంటుంది. పై పొరలో కొన్నింటికి ఒక చెయ్యి ఖాళీ. వాయువు అణువు వచ్చి పట్టుకునేది అక్కడే. కంప్యూటర్లో కొన్ని వందల నీటి అణువులతో మంచు పలక కట్టి, వాయువు అణువును వదిలి, ప్రతి ఫెమ్టోసెకనుకూ అన్ని బలాలూ లెక్కగట్టి కదిలిస్తాం. అలా 10 లక్షల అడుగులు వేస్తే గడిచేది సెకనులో వంద కోట్లవ వంతు.

ఎనిమిది నెలలు నడిపాను. హైడ్రోజన్ క్లోరైడ్ ఒక్కసారీ విడిపోలేదు. "మంచు పొడే" అని సంబరంగా రాసేశాను. అది చదివిన ఒక సీనియర్, "విడిపోవడానికి నువ్వు దానికి వీలిచ్చావా?" అనడిగారు. ఇవ్వలేదు! నా నమూనాలో ఆ బంధం బిగించిన కడ్డీ. దానికి తెగడమనేదే తెలియదు. ఆ రాత్రి హాస్టల్లో అన్నం సహించలేదు.

తర్వాత ఎలక్ట్రాన్లనూ లెక్కలోకి తెచ్చే పద్ధతి నేర్చుకున్నాను. కొలరాడోలో గెర్ట్‌నర్, హైన్స్ 1996లోనే చూపించిన దారి అది. అణువు మంచు పైపైన ఆనుకుని ఉన్నప్పటి సంగతి వేరు. పై పొరలో నీటి అణువుల మధ్య ఇమిడిందా, బంధం తెగుతుంది. హైడ్రోజన్ పక్క నీటిని చేరి హైడ్రోనియం అవుతుంది, క్లోరైడ్ మిగులుతుంది. అంత చలిలోనూ!

కాబట్టి మాస్టారూ, ఆలస్యానికి క్షమించండి. ఐసు తడే, కాస్త లోపలికి రానిస్తే. సాయంత్రం పిల్లలు సోడా కొట్టు ఐసుతో లిట్మస్ పరీక్ష చేస్తారట. ఎర్రబడితే దాన్ని నా ఖాతాలో వేయకండి. సున్నా డిగ్రీల దగ్గర ఐసు మీద ఎలాగూ పల్చటి నీటి పొర ఉంటుంది.