ఆర్డర్ వెనక కారణం



నేను టెరిటోరియల్ ఆర్మీ జవానుని. 1949లో మొదలైన ఈ దళంలో మాలాంటి వాళ్లం మామూలు రోజుల్లో మా పని మేం చేసుకుంటాం, ఏటా శిక్షణకు వెళ్తాం, పిలుపు వస్తే యూనిఫాం వేసుకుంటాం. ఇక్కడ హైటెక్ సిటీలో ఒక ఆఫీసు టవర్ దగ్గర సెక్యూరిటీ సూపర్‌వైజర్‌ని. పొద్దున మీ బ్యాడ్జి చూసి లోపలికి పంపేది మావాళ్లే.

టెక్నాలజీ గురించి నన్ను మాట్లాడమన్నారు. మీకు నేనేం చెప్పగలను? నాకు తెలిసింది ఒక్కటే: ఆర్డర్ వస్తే పాటించాలి, దాని వెనక కారణం కూడా తెలుసుకోవాలి.

2020 జూలైలో 89 యాప్‌లు ఫోన్లలోంచి తీసేయమని సైన్యం ఆర్డర్ ఇచ్చింది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ కూడా అందులో ఉన్నాయి. నాకు కోపం వచ్చింది. తర్వాత అర్థమైంది, జవాను పెట్టిన ఒక్క ఫోటో చాలు, దళం ఎక్కడుందో శత్రువుకు తెలిసిపోవడానికి. మరి మనం? ఐదు వేల అప్పు కోసం ఏదో యాప్‌కు మన కాంటాక్టులన్నీ, ఫోటోలన్నీ అప్పజెప్తాం. తర్వాత వాళ్లు ఊళ్లో మన అమ్మకే ఫోన్ చేసి బెదిరిస్తారు. అలాంటిది జరిగితే సిగ్గుపడి దాచుకోకండి, 1930కి ఫోన్ చేయండి.

రూల్స్ అంటే మనకు చిరాకు. కానీ మన ఏజెన్సీలో ఈ రోజుకీ కొంత భూమి మన చేతుల్లో మిగిలిందంటే, దానికి 1/70 చట్టం ఒక కారణం. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల పేరు మీదికి మారకూడదన్నది ఆ రూలే. తెలియని రూలు మనల్ని కాపాడదు.

ఇప్పుడు నా ఇంటి మాట. మా అక్క కొడుకుకి చిన్నప్పటి నుంచి కీళ్ల నొప్పులు. వాతం అన్నారు, గాలి సోకిందన్నారు, చాలా ఏళ్లు అలాగే తిరిగాం. చివరికి రక్తపరీక్షలో సికిల్ సెల్ అని తేలింది. అక్కకు, బావకు ఏ బాధా లేదు, కానీ ఇద్దరూ క్యారియర్లే. భార్యాభర్తలిద్దరూ క్యారియర్లయితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు ఆ జబ్బు రావడానికి నాలుగింట ఒక వంతు అవకాశం. ఈ మాట పెళ్లికి ముందే తెలిసి ఉంటే డాక్టర్‌ని అడిగేవాళ్లు. ఇప్పుడు వాడు మందులు వాడుతున్నాడు, నీళ్లు బాగా తాగుతాడు. ఒంట్లో నీరు తగ్గితే నొప్పి తిరగబెడుతుంది. ఏసీ గదిలో రాత్రి షిఫ్టు చేస్తూ నీళ్లు మరిచిపోయే మీకు కూడా ఈ సంగతి చెప్తున్నాను.

2023 జూలై 1న కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. 40 ఏళ్లలోపు ఏడు కోట్ల మందికి పరీక్ష చేయాలన్నది లక్ష్యం. కానీ మనవాళ్లలో కొందరు తప్పించుకుంటున్నారు. మొన్న ఒక తమ్ముడు నాతో అన్నాడు, "అన్నా, రిజల్ట్ కంప్యూటర్‌లోకి ఎక్కితే సంబంధం చెడిపోతది" అని. ఆ భయం అబద్ధం కాదు. అందుకే అడగండి, నా వివరాలు ఎవరు చూస్తారు, ఎందుకు తీసుకుంటున్నారు అని. అలా అడిగే హక్కుకు 2023లో డేటా రక్షణ చట్టం కూడా వచ్చింది. అడగండి, కానీ పరీక్ష మాత్రం మానకండి. క్యారియర్ అయితే సిగ్గుపడాల్సింది లేదు, అది జబ్బు కాదు. తెలియకుండా పెళ్లి చేసుకుంటేనే కష్టం, అదీ పుట్టబోయే బిడ్డకు.

శిక్షణకు వెళ్లినప్పుడు మమ్మల్ని మొదట చూసేది డాక్టరే. శరీరం బాగుంటేనే తుపాకీ ఇస్తారు. మీ చేతిలో ల్యాప్‌టాప్ ఉంది, సంతోషం. పండక్కి ఊరెళ్లినప్పుడు పీహెచ్‌సీకి వెళ్లి రక్తం ఇచ్చి రండి. ఒక్కరే వెళ్లకండి, తమ్ముణ్ని, చెల్లిని, పెళ్లి కుదిరితే ఆ మనిషిని కూడా తీసుకెళ్లండి.

నేను చేయించుకున్నాకే మీకు చెప్తున్నాను. జోహార్.