ఒంటి మనిషి మేళం
(ఉగాది సభలో చేసిన ప్రసంగం)



నాటకం ఆడాలంటే పాత్రకొక మనిషి కావాలి, తెరలెత్తేవాడు కావాలి. హరికథకు ఒక్క దాసుగారు చాలు. మెడలో పూలదండ, చేత చిరతలు, కాళ్ళకు గజ్జెలు. ప్రక్కన మృదంగం, వయొలిన్ ఉన్నా భారమంతా కథకునిదే. అతడే రాజు, అతడే రాణి, అతడే బంటు. ఆ కళకు తెలుగుదేశంలో రూపు దిద్దిన మహనీయులు ఆదిభట్ల నారాయణదాసుగారు. పాట ఆయన వ్రాసుకున్నదే, వరుస ఆయన కట్టుకున్నదే.

దాసుగారు 1864 ఆగస్టు 31న బొబ్బిలి ప్రాంతాన అజ్జాడ అగ్రహారంలో జన్మించారు. అసలు పేరు సూర్యనారాయణ. విజయనగరంలో చదువుకునే రోజులలో, 1883లో, చెన్నపట్నంనుంచి వచ్చిన కుప్పుస్వామి నాయుడుగారి హరికథ విన్నారు. విని ఊరుకోలేదు. ఆ యేడే ధ్రువచరిత్ర స్వయంగా రచించి గజ్జె కట్టారు. అప్పటికి పందొమ్మిదేళ్ళ ప్రాయం. అంబరీషచరిత్ర, రుక్మిణీకల్యాణం, యథార్థరామాయణం మొదలైనవి పిమ్మట వచ్చాయి.

చేతులతో, కాళ్ళతో, శిరస్సుతో ఏకకాలంలో అయిదు తాళాలు చూపగలవారని ఆయనకు ప్రసిద్ధి. ఇందులోని కష్టం ఎంతటిదో లెక్క వేసి చూడండి. ఆదితాళానికి 8 అక్షరాలు, మిశ్రచాపుకు 7, ఖండచాపుకు 5. ఈ మూడూ ఒకేసారి మొదలుపెడితే 280 అక్షరాలు గడిస్తేగాని మళ్ళీ ఒకచోట కలవవు. అందాకా ఏ ఒక్కటీ తప్పరాదు!

ఇక మన వలస కుటుంబాలకు చెందిన మాట. దాసుగారు బరంపురం వైపూ, మైసూరులోనూ కథలు చెప్పారు. హరికథ కూడా మనవలెనే ఊళ్ళు దాటినదే. మరాఠీ కీర్తన తంజావూరు చేరి, కృష్ణభాగవతార్‌గారి చేతిలో అరవనాట కొత్త రూపు దాల్చింది. దాసుగారు దాన్ని తెలుగు పలుకుబడిలో నిలబెట్టారు. సంస్కృతం, ఇంగ్లీషు, పారశీకం నేర్చి, ఉమర్ ఖయ్యాంను సంస్కృతంలోకీ అచ్చతెలుగులోకీ దించారు. పరభాషలు నేర్చినకొద్దీ స్వభాష తరుగుతుందనేవారికి ఆయన జీవితమే సమాధానం. మన పిల్లలు బడిలో కన్నడమో, అరవమో, ఒడియానో, మరాఠీయో చక్కగా చదవనీయండి. ఇంట తెలుగు వినబడుతున్నదా అన్నదే నా ప్రశ్న.

1919లో విజయనగరంలో సంగీత కళాశాల వెలసినప్పుడు దాసుగారే తొలి అధ్యక్షులు. 1936లో ఆ స్థానం ద్వారం వెంకటస్వామి నాయుడుగారికి వచ్చింది. 1945 జనవరి 2న దాసుగారు పరమపదించారు. కళ ఆగలేదు. తూర్పుగోదావరి సీమలోని కపిలేశ్వరపురంలో 1973నుంచి సర్వారాయ హరికథా పాఠశాల ఆడపిల్లలకు ఈ విద్య నేర్పింది. అక్కడ చదివిన ఉమామహేశ్వరిగారికి 2024లో పద్మశ్రీ వచ్చింది.

కాబట్టి చెప్పేవారికి లోటు లేదు, వినేవారికే లోటు. కథకుడు చమత్కారం విసిరితే సభ నవ్వాలి, గోవిందా అంటే గోవిందా అనాలి. ఆ జవాబు రాకపోతే ఎంతటి విద్వాంసుడైనా ఏం చేయగలడు?

నా మనవి ఒక్కటే. మన ఉత్సవంలో ఒక సాయంకాలం హరికథకు కేటాయించండి. ముందు వారం రోజులు తాతలు, అమ్మమ్మలు ఆ కథను పిల్లలకు ఇంట్లో తెలుగులో చెప్పండి. కథ తెలిసిన పిల్ల ముందు వరుసలో కూర్చుంటుంది.