అంకె – సంఖ్య
(పాఠశాల వజ్రోత్సవ సభలో ప్రధానోపాధ్యాయిని ప్రసంగపాఠము)



అంకెలు సున్న నుండి తొమ్మిది వరకు పదే. సంఖ్యలకు అంతము లేదు. అక్షరములతో పదములు కూర్చినట్లు అంకెలతో సంఖ్యలు వ్రాయుదుము. పత్రికలవారు సంఖ్యలనూ అంకెలనియే అందురు. వారితో నాకు పేచీ లేదు, తరగతిలో మాత్రము ఒప్పుకొనను!

మన దుర్గాపూర్ పిల్లలకు ఈ భేదము కంటికే కనిపించును. బస్సుల మీద మరాఠీ అంకెలు, పాత తెలుగు గ్రంథములలో ౨౫, మన నోటుపుస్తకములో 25. అంకెల రూపు మారినది. ఇరవై ఐదు మారలేదు. 52 అని తిప్పి వ్రాసినచో అంకెలు అవే, సంఖ్య వేరు. ముందరి రెండు విలువ ఇరవై, వెనుకటి రెండు విలువ రెండే.

ఉద్యోగమున చేరిన క్రొత్తలో, "ఐదు అంకెయా, సంఖ్యయా?" అని అడిగితిని. ఒక బాలిక "రెండూనండీ" అన్నది. తప్పని నిలబెట్టితిని. ఆ రాత్రి ఆలోచింపగా తెలిసినది: వ్రాసిన గుర్తు అంకె, చేతివ్రేళ్ళను లెక్కించి చెప్పునది సంఖ్య. మరునాడు తరగతిలో ఆ మాట ఒప్పుకొనవలసినది. ఒప్పుకొనలేదు. అమ్మా, నీవీ సభలో ఉన్నచో వినుము, నీ జవాబే సరియైనది.