అభ్యంతరం చెప్పే హక్కు

ఈ స్మారకోపన్యాసం ఒక పెద్దమనిషి పేరు మీద. గుండుగొలను ఊరంతా కాంపౌండరు గారనే పిలుచుకున్న ఆ పెద్దమనిషి గురించి నాకంటే బాగా చెప్పగలవాళ్లు మీలో చాలామంది ఉన్నారు. నాకు గుర్తున్నది ఒక్క సీసా. మా అమ్మకి దగ్గు మందు కలిపి ఇచ్చేవారు. సీసా పక్కన పళ్లు పళ్లుగా కత్తిరించిన తెల్ల కాగితం అంటించేవారు. ఒక్కో పన్ను ఒక్కో మోతాదు. ఆ కాగితం అడుగున పెన్సిలుతో రెండు అంకెలు వేసేవారు: మందు ఖరీదు ఒకటి, తన కూలి ఒకటి. నేను కూడికలు నేర్చుకున్నది ఆ రెండంకెల మీదే. ఆయనకి నేను పడ్డ ఋణం అది.

ఇక ఇవాళ్టి విషయానికి, మందుల పేటెంటుకి అభ్యంతరం చెప్పే హక్కుకి వస్తాను. 1970 పేటెంటు చట్టం, మందుకి కాక తయారీ పద్ధతికే పేటెంటు ఇచ్చిన ఆ కాలం, ఆ వెసులుబాటులో హైదరాబాదు చుట్టూ లేచిన మందుల ఫ్యాక్టరీలు, 2005 జనవరి 1 నుంచి మళ్లీ మందుకే పేటెంటు రావడం... వీటి మీద పుస్తకాలున్నాయి, అక్కడ నేను ఆగను. నోవార్టిస్ కంపెనీ మందు గ్లివెక్‌కి పేటెంటు కాదంటూ 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు సంగతీ మీకు తెలుసు. ఆ కథను మనం చెప్పుకునే తీరు దగ్గరే నాకు పేచీ. పదేళ్లుగా ఇదే మాట అంటున్నాను, ఇవాళ మీ ముందు మళ్లీ అంటాను.

మనవాళ్లు ఆ గెలుపును హైదరాబాదు కంపెనీల ఖాతాలో వేస్తారు. రక్త కేన్సర్‌కి వాడే ఆ మాత్రలు నెలకి 1,20,000 రూపాయలు ఉంటే, మన కంపెనీలు పది వేల లోపు ఇచ్చాయి, నిజమే. కాని చెన్నై పేటెంటు ఆఫీసులో నోవార్టిస్ దరఖాస్తు మీద దాఖలైన అభ్యంతరాలు ఐదు. నాట్కో, హెటిరో, సిప్లా, రాన్‌బాక్సీ నాలుగూ కంపెనీలు. ఐదోది కేన్సర్ పేషెంట్స్ ఎయిడ్ అసోసియేషన్. 1969 నుంచి ముంబయిలో రోగులకి సాయం చేస్తున్న ధర్మ సంస్థ. దానికి ఫ్యాక్టరీ లేదు, అమ్ముకునే సరుకు లేదు. 2006 జనవరిలో దరఖాస్తు తిరస్కరించినప్పుడూ, తర్వాత ఏడేళ్లు సుప్రీంకోర్టు దాకా వెళ్లినప్పుడూ రోగుల పక్షాన అది నిలబడింది. దానికి ఆ చోటు ఇచ్చింది చట్టంలోని 25(1) సెక్షన్. పేటెంటు మంజూరు కాకముందు ఏ వ్యక్తి అయినా అభ్యంతరం చెప్పవచ్చు అంటుందది.

నాకు ఎదురయ్యే మొదటి వాదన: రోగుల సంఘాలు కంపెనీలు అడ్డుపెట్టుకునే తెరలు అని. దీనికి జవాబు సోఫోస్‌బువిర్ కథలో ఉంది. హెపటైటిస్ సి మందు అది. గిలియడ్ కంపెనీ దరఖాస్తుకి నాట్కో అభ్యంతరం చెప్పింది. 2015 జనవరిలో దరఖాస్తు తిరస్కరించారు. మార్చిలో నాట్కో అదే గిలియడ్‌తో లైసెన్సు ఒప్పందం చేసుకుంది. వ్యాపారానికి అది తప్పని నేను అనను. కాని ఢిల్లీలో హెచ్.ఐ.వి.తో బతుకుతున్నవాళ్ల సంఘం మాత్రం అభ్యంతరం వదల్లేదు. దరఖాస్తును మళ్లీ విచారించాక 2016 మేలో పేటెంటు వచ్చింది, వాళ్లు ఓడారు. తెర వెనక ఉన్నవాడు వెళ్లిపోయాక కూడా తెర నిలబడి ఉందంటే అది తెర ఎలా అవుతుంది?

బెడాక్విలిన్ చూడండి. మొండి క్షయకి మందు. దాని మీద జాన్సన్ అండ్ జాన్సన్ గుత్తహక్కు పొడిగించుకోబోతే 2019లో అడ్డుపడింది ఇద్దరు ఆడవాళ్లు. మన దేశపు నందితా వెంకటేశన్, దక్షిణాఫ్రికాకి చెందిన ఫుమెజా టిసిలె. ఇద్దరూ క్షయ చికిత్స వల్లే వినికిడి పోగొట్టుకున్నవాళ్లు. 2023 మార్చిలో వాళ్ల మాట నెగ్గింది. వాళ్ల వెనక ఏ వ్యాపారం చూపిస్తారు?

రెండో వాదన ఇంకా గట్టిది. గ్లివెక్ తీర్పు ధర మీద రాలేదు, 3(డి) సెక్షన్ మీద వచ్చింది అంటారు. ఒప్పుకుంటాను. పాత మందు కొత్త రూపంలో వస్తే రోగం మీద గుణం పెరిగిందని చూపాలి, చూపలేదు అన్నారు. కాని సెక్షన్ తనంతట తాను ఆఫీసుకి నడిచి వెళ్లదు కదా. ఎవరో ఒకరు కాగితం పట్టుకుని వెళ్లాలి.

మూడోది: కంపెనీయే ఒక ఫౌండేషన్ ద్వారా ఎంతోమందికి గ్లివెక్ ఉచితంగా ఇచ్చిందిగా అని. ఉచితంగా మందు తిని బతికిన మనిషిని నేను తప్పు పట్టను. 2000 నుంచి కుష్ఠు మందులు ప్రపంచ ఆరోగ్య సంస్థ ద్వారా ఉచితంగా ఇస్తూ వచ్చిందీ అదే నోవార్టిస్, దానికి దండం పెడతాను. కాని అక్కడ కాపాడుకోవలసిన గుత్తధర లేదు. గ్లివెక్‌లో దానం ఒక చేత్తో, ధర ఇంకో చేత్తో వచ్చాయి. దానం అందినవాడికి మందు అందింది, అందనివాడికి అదే లక్షా ఇరవై వేలు. దానం ఎవరికి ఇవ్వాలో ఇచ్చేవాడు తేలుస్తాడు. అభ్యంతరం చెప్పే హక్కు అలా కాదు, ఎవరి దయమీదా ఆధారపడదు.

ఆ హక్కు మీదే ఇప్పుడు చెయ్యి పడింది. 2024 మార్చిలో వచ్చిన పేటెంటు నిబంధనల ప్రకారం, అభ్యంతరం చెప్పేవాళ్లు ఇంతకుముందు లేని రుసుము కట్టాలి. ఆ అభ్యంతరం వినదగ్గదో కాదో అధికారి ముందే తేలుస్తారు. అదే నిబంధనల్లో ఇంకో మార్పు: పేటెంటు ఉన్న మందు మన దేశంలో ఎంత దొరికిందో కంపెనీ ఏటా ఇవ్వాల్సిన లెక్క ఇప్పుడు మూడేళ్లకి ఒకసారి ఇస్తే చాలు. 2012 మార్చిలో కాలేయ కేన్సర్ మందు నెక్సవార్‌కి నాట్కో, పేటెంటుదారు ఒప్పుకోకపోయినా ఇచ్చే తప్పనిసరి లైసెన్సు తెచ్చుకున్నప్పుడు, నెలకి 2,80,428 రూపాయల మందు 8,880కి దిగినప్పుడు, అధికారి చేతిలో ఉన్నది ఆ లెక్కే. 2008లో ఆ మందు అసలు దిగుమతే కాలేదని అందులోంచే తేలింది.

కంపెనీ లెక్క ఆలస్యంగా వస్తే, మన లెక్క మన దగ్గర ఉండాలి. ఏడాదిగా నేను పెట్టుకున్న పని అదే. గుండుగొలను, భీమడోలు, పూళ్ల, కొల్లేటి లంకల నుంచి ఏలూరు, తాడేపల్లిగూడెం, విజయవాడ షాపుల్లో కొన్న మందుల బిల్లులు పోగుచేస్తున్నాను. రోగి పేరు కొట్టేసి మందు, కంపెనీ, ధర, తేదీ పుస్తకంలోకి ఎక్కిస్తాను. షాపులో అడిగితే లేదన్న మందు పేరు కూడా ఎర్ర సిరాతో రాసుకుంటాను, అది బిల్లులో కనపడదు కాబట్టి. వీటితో పాటు అభ్యంతరం ఎలా దాఖలు చేయాలో తెలుగులో చిన్న పుస్తకం రాస్తున్నాను. రెండధ్యాయాలు అయ్యాయి.

ఒక్క చిక్కు చెప్పి ముగిస్తాను. ఈ కాలపు రసీదులు నున్నగా మెరిసే కాగితం మీద వస్తున్నాయి. జేబులో చెమట తగిలినా, ఎండలో పెట్టినా నాలుగు నెలల్లో తెల్లబడిపోతున్నాయి. ఒక లంకావిడ మొగుడి కేన్సర్ బిల్లులు కొంగుముడిలో కట్టుకుని తెచ్చింది. పదకొండు కాగితాలు, ఏడింటి మీద అక్షరం లేదు. ఇంట్లో ఉన్నవి ఇవాళే జిరాక్సు తీయించండి. ఆదివారం సాయంత్రాలు మనం ఇవాళ కలిసిన ఈ హైస్కూలు వరండాలోనే కూర్చుంటాను, పుస్తకం నా దగ్గరే ఉంటుంది.