బిడ్డ పేరిట, ఊరి కొఱకు



ఈ యుపన్యాసమునకు మూలమైన ధర్మనిధిని నెలకొల్పినవారు విధించిన నియమ మొక్కటే: ఏటేటా ఒక ఉపన్యాసము జరుగవలెను, అది పిల్లల బాగోగులకు సంబంధించినదై యుండవలెను. ఎవరి స్మృత్యర్థమై ఈ నిధి యేర్పడినదో ఆ ఉపాధ్యాయవర్యులు బ్రతికియున్నంతకాలము ఎదుట పొగడినవారిని చూచి ముఖము చిట్లించుకొనెడివారని విందును గనుక, వారి గుణకీర్తనముతో కాలము గడుపక, వారికి ప్రియమైన విషయమునకే నేరుగా వచ్చుచున్నాను.

నేను ఎన్నుకొన్నది ఫెర్రర్ కుటుంబము కథ. మన రాయలసీమలో, అనంతపురము కేంద్రముగా, అర్ధశతాబ్దికి పైబడి ఒకే కుటుంబపు పర్యవేక్షణలో నడచుచున్న గ్రామాభివృద్ధి సంస్థను, మనవారి నోట ఆర్డీటీగా ప్రసిద్ధమైన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును, ఎరుగని తెలుగువారు అరుదు. కాని ఎరుగుట వేరు, విచారించుట వేరు. దానధర్మములను గూర్చి మనము ఎంత పొగడుదుమో అంత తక్కువగా ఆలోచింతుము. దాత ఎంతటివాడని అడుగుదుము గాని, ఆ దానము పుచ్చుకొన్న పసివాని కేమయ్యెనని అడుగము. ఈ సాయంకాలము ఆ రెండవ ప్రశ్ననే పట్టుకొని నడచెదను.

విన్సెంట్ ఫెర్రర్ 1920లో బార్సిలోనాలో జన్మించెను. స్పెయిన్ అంతర్యుద్ధమున పద్దెనిమిదేండ్ల ప్రాయమున గణతంత్రపక్షపు సైన్యములో చేరి, ఎబ్రో నదీతీరపు ఘోరసంగ్రామమును కన్నులార చూచి, ఓటమి పిమ్మట ఫ్రాన్సు సరిహద్దు దాటి శరణార్థుల శిబిరములో పడి, తిరిగి స్వదేశమున నిర్బంధ మనుభవించిన ఆ యువకుడు, 1944లో జెస్యూట్ సంఘమున దీక్ష గైకొని, 1952లో బొంబాయి రేవున దిగెను. మహారాష్ట్రలో మన్మాడు చుట్టుపట్ల రైతులు బావులు త్రవ్వుకొనుచుండగా, ఆ పని సాగినన్నాళ్లు వారికి గోధుమలును నూనెయు ఇచ్చి ఆదుకొనుట ఆయన అవలంబించిన పద్ధతి. నీరు వచ్చినచోట పంటయు, పంట వచ్చినచోట పలుకుబడియు వచ్చును. ఆ పలుకుబడి కొందరికి కంటగింపయ్యెను. 1968లో ఆయన దేశము విడువవలసిన ఆజ్ఞ పుట్టగా, వేలకొలది రైతులు మన్మాడునుండి బొంబాయికి కాలినడకన బయలుదేరిరి. ఇందిరాగాంధీగారు కల్పించుకొనుటచే, కొలదికాలము విదేశమునకు వెళ్లి తిరిగి రావచ్చునన్న మధ్యేమార్గము కుదిరెను. 1969లో తిరిగివచ్చిన ఆయనకు చోటిచ్చినది కాసు బ్రహ్మానందరెడ్డిగారు ముఖ్యమంత్రిగా నున్న మన ఆంధ్రప్రదేశము. ఈ సంగతిని మనము తరచుగా మరచుచుందుము. మన రాష్ట్రము తనంత తాను చేసిన మంచిపనులలో దీనిని గూడ చేర్చుకొనవచ్చును.

ఆయన వెంట అనంతపురము చేరినవారిలో ఆన్ అను ఆంగ్లయువతి యొకతె యుండెను. ఆమె బొంబాయిలోని ఒక వారపత్రికలో విలేఖరి. వెలివేతకు గురియగుచున్న ఫాదరును కలిసి నాలుగు మాటలు వ్రాసికొని పోవలెనని వచ్చినది. 1970లో ఫెర్రర్ సంఘదీక్షను విడిచి ఆమెను వివాహమాడెను. సన్న్యాసము నుండి గార్హస్థ్యమునకు దిగుటను మన లోకము మెచ్చదు. దిగినవానిని చాటున నవ్వును. అయినను అనంతపురము జిల్లా ఆయనను ఫాదరుగనే నిలుపుకొనెను. మాంచో, తార, యమున అను బిడ్డలు మువ్వురును ఆ యింటనే పెరిగిరి.

ఆ యిల్లు నిలిచిన నేల ఎట్టిదో కొంచెము చెప్పవలెను. నైరృతి ఋతుపవనమునకు పడమటి కనుమల చాటునను, ఈశాన్య ఋతుపవనమునకు సముద్రతీరమునుండి దూరమునను ఉండుటచే రెండు వానలకును చెడిన సీమ యది. సాలునకు సగటున 550 మిల్లీమీటర్లకు అటు ఇటుగా కురియును. దేశమున జైసల్మేరు తరువాత తక్కువ వాన పడు జిల్లాగా దానిని చెప్పుట పరిపాటి. ముంగారు వానకు వేరుసెనగ విత్తి, ఊడలు దిగు వేళ ఆకాశమువంక చూచి, ఆ వాన తప్పెనా, కాయ లేని కట్టెను పశువులకు వేసి, ఇల్లు తాళము పెట్టి బెంగుళూరుకో కేరళకో కూలికి పోవుట అచటి బీదరైతు జీవితచక్రము. తల్లిదండ్రులు వలసపోయిన యింట మిగులునది అవ్వయు, ఆమె యొడిలోని పిల్లలును.

ఇట్టిచోట పిల్లలకు మేలుచేయ దలచినవానికి వెంటనే తోచు ఉపాయము శరణాలయము. ధాత కరువు నాటినుండి మన దక్షిణదేశమున మిషనరీలు ఆ మార్గమునే పట్టిరి. తల్లిదండ్రులు మలమల మాడి చనిపోయిన ఆ దినములలో అంతకంటె వేరు దారియు లేదు. వారిని నేను నిందింపను. కాని అనాథలకై పుట్టిన ఆ యేర్పాటు కాలక్రమమున తల్లియు తండ్రియు బ్రతికియున్న బీదబిడ్డలకు గూడ వర్తించుట మొదలిడినది. బిడ్డను తెచ్చి తెల్లని చొక్కా తొడిగి, వరుసలో నిలబెట్టి, పళ్లెములో అన్నము పెట్టిన దృశ్యము దాతకు చూపదగినదిగా నుండును. ఆ బిడ్డ విడిచివచ్చిన పూరిల్లు మాత్రము ఎప్పటివలెనే కారుచుండును. వాని చెల్లెలు ఆ యింటనే యుండును. సెలవులకు పోయిన పిల్లవాడు తన యింటిని చూచి తానే సిగ్గుపడునట్లు పెంచినవారు వానికి చేసినది మేలో కీడో తేల్చుట అంత సులభము కాదు.

ఫెర్రరులు ఈ మార్గమును తమ ప్రధానమార్గముగా ఎన్నుకొనలేదు. తామే పొయ్యి రాజేసికొని, తమ పిల్లలను ఆ యెండలోనే పెంచుకొనుచున్న దంపతులకు, పరుల బిడ్డకు గూడ వాని తల్లియే తల్లి, వాని గడపయే గడప అన్న సంగతి బ్రహ్మచారులైన పరోపకారులకంటె త్వరగా తెలిసివచ్చెనని నా యూహ. ఇది నిరూపింపదగిన విషయము కాదు. కాని వారి పనుల పోకడ చూచినవారికి సమంజసముగా తోచును. చెక్‌డ్యాములు, పండ్లతోటలు, బిందుసేద్యము, బత్తలపల్లి, కళ్యాణదుర్గము, కణేకల్లు ఆసుపత్రులు: పిల్లల మేలు కోరు సంస్థకు వీనితో పనియేమని ఎవరైన అడుగవచ్చును. చెరువు నిండినయెడల తండ్రి వలసపోడు. తండ్రి వలసపోకున్న పిల్లవాడు బడి మానడు. కట్టించిన యిండ్లను ఇంటి ఆడవారి పేరనే వ్రాయించుటలోను ఈ తర్కమే కలదు. మగడు తాగి తాకట్టు పెట్టలేని గోడ ఆ యింటి పిల్లలకు మొదటి రక్షణ.

ఊరి బడిని తోసివేసి తమ బడి కట్టక, దానికి అనుబంధముగా ఉదయమొక గంట, సాయంకాలమొక గంట చదువు చెప్పించుట వారి మరియొక పద్ధతి. చీకటి పడు వేళ అట్టి పల్లెలోనికి పోయినచో చూడవచ్చును: ఎస్సీ కాలనీ నడుమ ఒక చిన్న గది, గుమ్మము వెలుపల కుప్పగా విడిచిన చెప్పులు, లోపల ఎక్కములు వల్లెవేయుచున్న పిల్లలు, వారిని గదమాయించుచు అదే జిల్లాలో చదివిన ఒక పంతులు. గది వాకిట అవ్వలు కూర్చుండి, తమ వాడు ఎక్కము తప్పెనా లేదా యని చెవి యొగ్గుదురు. పెద్ద దొరలు వచ్చి చూచి మెచ్చుటకు అందేమియు లేదు. శరణాలయముకంటె ఈ గది గొప్పదని నేననుటకు కారణము, అవ్వ అచట కూర్చుండగలుగుటయే.

చూపు లేని పిల్లలకును, వినికిడి లేని పిల్లలకును వారు వసతిగృహములతో కూడిన పాఠశాలలు వేరుగా పెట్టిరి. ఇది పై సూత్రమునకు విరుద్ధమని ఆక్షేపించువారు వినికిడి లేని బాలిక ఒక్కతె సంజ్ఞాభాష తెలిసినవా డొక్కడును లేని పల్లెలో ఎట్లు పెరుగునో ఊహించుకొనవలెను. సూత్రము బిడ్డకై గాని బిడ్డ సూత్రమునకై కాదు.

ఇక ఈ వ్యవస్థలోని అతిసున్నితమైన భాగమునకు వచ్చెదను. ఈ పనులకు వలయు ధనము ముఖ్యముగా స్పెయిన్‌నుండి వచ్చును. 1996లో బార్సిలోనాలో ఫెర్రర్ పేర ఒక ఫౌండేషను ఏర్పడినది. అచటి గృహస్థుడు నెలనెలా కొంత పంపి అనంతపురపు బిడ్డ నొకనిని పోషకత్వమునకు తీసికొనును. ఇట్లు పోషకులు గల బిడ్డలు లక్షకు పైబడి యుందురు. బిడ్డ ఫొటో అటు పోవును. ఏటేటా ఒక జాబు, ఒక బొమ్మ పోవును. తెలుగున వ్రాసిన ఆ జాబును అనంతపురములోనే అనువదించి పంపుదురు. మూడవ తరగతి చదువు బాలుడు మేకను గీసి, దానికి ఐదు కాళ్లు వేసి, ఒకటి తుడిచి, వానయు పడుచున్నట్లు నీలిగీతలు గీసి, క్రింద తాను బాగున్నాననియు తమరును బాగున్నారని తలచుచున్నాననియు పంతులు చెప్పిన మాటలు వ్రాయును. ఆ బొమ్మ స్పెయిన్‌లో ఎవరి వంటగది గోడకో అంటించబడును. కాని ధనము ఆ బాలుని చేతికి రాదు. వాని ఊరికంతకు, ఊళ్ల సముదాయమునకు వచ్చును. మా పిల్లోని ఫొటో తీసుకపోయి దుడ్డు చెరువుకట్టకు పోస్తారేమని సణుగు అవ్వ పల్లెకొక్కతె యుండక మానదు.

ఆ అవ్వ ప్రశ్న చిన్నది కాదు. బిడ్డ ముఖము చూపి ఊరి పనికి ధనము తెచ్చుట న్యాయమా? దాతకు ముందే తెలిపి చేయునప్పుడు మోసము లేదు. ఊరిలో ఒక్క బిడ్డకు మాత్రమే కొత్తచొక్కా వచ్చి, ప్రక్కయింటి బిడ్డ చూచుచుండుటకంటె ఇది మేలనుటలోను సందేహము లేదు. అయినను మనుష్యహృదయము చెక్‌డ్యామును చూచి కరుగదు, పసిముఖమును చూచి కరుగును గనుక, ఆ ముఖమునే ముందు నిలుపవలసివచ్చుట మన లోకపు దౌర్భాగ్యము. తానడుగని ఋణమునకు ఏటేటా కృతజ్ఞతాపత్రము వ్రాయు బాలుడు కొంత బరువు మోయుచున్నాడు. ఆ బరువును తేలిక చేయువిధము ఒక్కటే కలదు: జాబు కృతజ్ఞతగా కాక కబురుగా నుండవలెను. తన మేకను గూర్చి, తన ఊరి జాతరను గూర్చి, తాను చెట్టునుండి పడిన సంగతిని గూర్చి వ్రాసిన జాబు ఇద్దరు మనుష్యుల నడుమ జాబు. పంతుళ్లు దీనిని గ్రహించి పిల్లలను తమకు తోచినట్లు వ్రాయనిచ్చినచోట దాతయు గ్రహీతయు ఒక్కమెట్టుపై నిలుతురు.

కుటుంబము నడుపు ధర్మసంస్థకు వేరొక గండము కలదు. అది క్రమముగా సంస్థానమగును. తండ్రి గద్దె కొడుకునకు, సేవ వారసత్వమునకు దారితీయును. ఈ సందర్భమున మనకు స్మరణీయులు కందుకూరి వీరేశలింగము పంతులుగారును, రాజ్యలక్ష్మమ్మగారును. వితంతువులను తమ యింటనే ఉంచుకొని, వారికి వండిపెట్టి, ఇరుగుపొరుగు దూషణమును భరించిన ఆ దంపతులు సంతానము లేనివారు. తమ యావదాస్తిని హితకారిణీ సమాజమునకు ధారవోసిరి. ఇల్లు సంస్థయైనది, వారసుడెవడన్న ప్రశ్న పుట్టలేదు. ఫెర్రరులకు బిడ్డలున్నారు. 2009 జూన్ 19న ఫెర్రర్ అనంతపురమున కన్నుమూసెను. బత్తలపల్లిలో ఆయనను ఖననము చేసిరి. అటుపిమ్మట ఆన్ ఫెర్రరును, కుమారుడు మాంచోయు సంస్థ భారము మోసిరి. నా దృష్టిలో వారి యోగ్యత వారసత్వముచే వచ్చినది కాదు, ఉండిపోవుటచే వచ్చినది. ఎందరో పరోపకారులు మూడేండ్ల పథకముతో వచ్చి, నివేదిక వ్రాసి, తిరిగి విమాన మెక్కుదురు. మాంచో అనంతపురపు తెలుగు మాటాడును. ఎండిన చేను నిరుడును చూచినవాడు, ఈ యేడును చూచుచున్నవాడు, వచ్చు ఏడును చూడవలసినవాడు తొందరపడి మాట ఈయడు.

ఇంతటి సంస్థకు పునాది పరదేశపు ధనమగుట నిశ్చింతగా నుండదగిన విషయము కాదు. విదేశవిరాళముల నియంత్రణచట్టము 1976లో వచ్చి, 2010లో తిరిగి వ్రాయబడి, 2020లో సవరింపబడినది. ఆ సవరణచే విదేశవిరాళము ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధానశాఖలోని ఖాతాలోనే పడవలెను. పరుల ధనముతో పరులెవరో మనదేశమున ఏమి చేయుచున్నారని ప్రభుత్వము అడుగుట తప్పు కాదు. మతము మార్చుచున్నారన్న అనుమానము ఫెర్రరునకు మన్మాడు నాటినుండి నీడవలె వెంటబడినది. ఆయన ఆసుపత్రిలో మంచమెక్కిన రోగిని కులమడిగినవారు లేరని జిల్లావాసులు చెప్పుదురు. 2025లో ఆర్డీటీ అనుమతి పునరుద్ధరణము ప్రశ్నార్థకమైనప్పుడు అనంతపురము, శ్రీసత్యసాయి జిల్లాలలో సామాన్యజనము వీథులలోనికి వచ్చినది. ఆ వివాదపు న్యాయాన్యాయములు తేల్చుటకు నేను న్యాయమూర్తిని కాను. ఒక్క సంగతి మాత్రము గమనించితిని. నేటికిని ఆ సీమలో బీదబిడ్డ వైద్యమునకు ఒక విదేశపు వంటగదిలో లెక్కపెట్టిన యూరోలే ఆధారమైనచో, మన సంపన్నుల సంగతి యేమి? హైదరాబాదులోను, అమెరికాలోను మన తెలుగువారు కళ్యాణమండపములకు వెచ్చించునది చూచినవారికి ధనాభావము కారణమని తోచదు.

ఆర్డీటీవారు కొన్నేండ్లుగా భారతీయులే భారతీయులకు ఇచ్చుకొనవలెనని ఒక ప్రయత్నము చేయుచున్నారు. పల్లెలలో యింటింటికి హుండీ యిచ్చిరి. ఒకనాడు సాయము పుచ్చుకొన్న యిండ్లవారే కూలిడబ్బులలోనుండి రూపాయో రెండో అందులో వేసి, తమకంటె కష్టదశలోనున్న పిల్లలకై ఇత్తురు. బార్సిలోనా లెక్కల ముందు ఇది అల్పము. అయినను రేపు ఏ కారణముచేత నైనను పరదేశపు ధనము నిలిచిపోయినచో ఈ హుండీలు బత్తలపల్లి ఆసుపత్రిని ఎన్నిదినములు నడపగలవో లెక్కకట్టి, తక్కువైన భాగమును ఎవరు పూరింపవలెనో పేర్లు వ్రాసికొనుటకు ఈ సభలోని వారు ఇపుడే కూర్చుండవచ్చును. కాగితమును కలమును నేను తెచ్చియున్నాను.